సీలు విప్పని బిస్కెట్లు

నా ఇల్లాలికి,

ఇక్కడ నేనూ పిల్లా బాగానే ఉన్నాం. నువ్వూ బాగానే ఉన్నావనుకుని మొదలుపెడుతున్నాను. ఈ ముక్క ముందు రాయకపోతే రెండో వాక్యం చదవకుండానే గుండె పట్టుకుంటావు, నీ సంగతి నాకు తెలుసు. పోయినసారి తొందరలో క్షేమం సంగతి మరిచిపోతే, హాస్టలు వార్డెనును బతిమాలి ఫోను తీసుకుని "పిల్లకేమైంది చెప్పండి" అని కంగారుపడ్డావు. పిల్లకేమీ కాలేదు. అప్పుడది గోడ మీద బొమ్మలు గీసి నా చేత తిట్లు తింటోంది, అంతే.

నీ ఉత్తరం అందింది. నేను రెండుసార్లు చదివాను. పిల్ల ఒకసారి చదివి, "అమ్మ రాత బాగాలేదు నాన్నా, పడుకుని రాసిందేమో" అంది. నీ మణికట్టు నొప్పి తగ్గలేదని అప్పుడు అర్థమైంది. రోజంతా జేబులు, జేబులు, మళ్ళీ జేబులు కుడుతూ కూర్చుంటే చెయ్యి ఏమవుతుంది? మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి, టేపు పెట్టకుండానే గుడ్డ కోయగలదానివి. నీ చేత ఒక్క జేబులే కుట్టిస్తున్నారంటే ఆ బట్టల ఫ్యాక్టరీవాళ్ళకి నీ విలువేం తెలుసు? రోజూ వేడినీళ్ళ కాపడం పెట్టుకో. పెట్టుకుంటున్నానని నాకు రాయడానికి కాదు, నిజంగా పెట్టుకో.

అడిగినవాటికి జవాబులు చెబుతాను. వంటింటి కప్పు కారడం ఆగింది. నేనే బాగుచేశానని రాద్దామనుకున్నాను గానీ వానలు ఆగాయి కాబట్టి ఆగింది. వేళకు తింటున్నాం. పిల్ల ముందుపన్ను ఊడింది. దాన్ని నా నాణేల డబ్బీల్లో ఒకదాంట్లో పెట్టి, మూత బిగించి, "దీన్నీ ముట్టుకోకూడదు కదా నాన్నా" అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వర్క్‌షాపులో వారంలో సగం రోజులే రమ్మంటున్నారు. కొట్లవాళ్ళంతా అంకెలు చూపించే కాటాలు కొనేశారు. అవి పాడైతే ఎవరూ బాగుచేయించరు, పారేస్తారు. పాత కాటాలు, వాటిని బాగుచేసే పాత మనుషులు మిగిలాం.

ఇక నువ్వు అడిగినవాటిలో రెండు మిగిలాయి. బిస్కెట్లు అమ్మారా అని ఒకటి, ఫ్యాక్టరీవాళ్ళిచ్చిన కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అని ఒకటి. నెలాఖరులోగా సంతకం పెడితే ఇంకో రెండేళ్ళు అక్కడే. పెట్టకపోతే మూట సర్దుకుని ఇంటికి రావచ్చు. వచ్చాక బతకడానికి మన వీధి చివర ముసలి దర్జీ కొట్టు ఉంది, కత్తిరింపు బల్లతో, మిషన్లతో సహా మనకే అప్పగిస్తానన్నాడు, దానికి నా బంగారం చాలు. ఈ లెక్కంతా మనిద్దరం నువ్వు వెళ్ళకముందే ఎన్నోసార్లు వేసుకున్నదే. జవాబు చెబుతాను, కాస్త ఓపికపట్టు. ఫోనులో చెప్పే మాట కాదు, పైగా నీ పక్కన వార్డెను చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది.

నా నాణేల పిచ్చి సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పెళ్ళైన కొత్తలో నువ్వు ముందుగదిలో కూర్చుని ఉడికించిన గుడ్డు పొట్టు తీస్తుంటే, ఆ వాసనకి వెండి నల్లబడుతుందని నిన్ను ప్లేటుతో సహా వంటింట్లోకి తరిమాను. "మీకు నేను కావాలా, వెండి కావాలా?" అన్నావు. జవాబు చెప్పడానికి నేను కాస్త ఆలోచించానని ఇప్పటికీ దెప్పుతావు. చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాల కోసం కొట్టువాళ్ళని బతిమాలేవాణ్ణి. నాణేలకి రబ్బరుబ్యాండు వేశాడని మీ తమ్ముడితో నెల రోజులు మాట్లాడలేదు. మీ తమ్ముడు సంతోషించాడనుకో, అది వేరే సంగతి.

ఆదివారాలు సైకిలు షాపు వెనక గదిలో మా నలుగురి సభ సంగతి కూడా నీకు తెలుసు. ఎవరి నల్లగుడ్డ వాళ్ళు పరుచుకోవడం, నాణేన్ని అంచులతోనే పట్టుకోవడం, ఇంట్లో ఎక్కడ దాచావని ఎవరూ ఎవరినీ అడగకపోవడం. మా నలుగురిలో పెద్దాయన్ని మేం భూతద్దం అనే పిలుస్తాం. ఆయన అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలకడు. మెడలో అద్దం వేలాడేసుకుని, నాణెం మీద బొమ్మ ముక్కు అరిగిందా లేదా అని గంటసేపు చూసే మనిషి. వెండి ఎలా చూడాలో, బంగారం ఎలా దాచాలో మాకు నేర్పింది ఆయనే.

వెండి మన ఇంట్లో మనిషిలాగే తిరిగింది. చేత్తో పట్టుకున్నాం, గలగలలాడించాం, పిల్ల నేల మీద దొర్లించి ఆడుకుంది. అవసరం వచ్చినప్పుడు నిరుడు చలికాలంలో అమ్ముకు తిన్నాం. బంగారం అలా కాదు. ఏడాదికొకటి, సగం అగ్గిపెట్టంత బిస్కెట్టు, అట్టలో ఇమిడి, పైన ప్లాస్టిక్, ప్లాస్టిక్ మీద సీలు, సీలు మీద నంబరు. సీలు విప్పకూడదు, అది మా వాళ్ళందరికీ ఒట్టు లాంటిది. విప్పితే రేపు కొనేవాడు నమ్మడు. అందులోనూ నా బతుకంతా సీళ్ళతోనే గడిచింది. కాటా సరిచేసి, తీగ చుట్టి, సీసం ముక్క నొక్కానంటే ఇక దాని జోలికి ఎవరూ పోకూడదు. సీలు ఉందంటే లోపల సరిగ్గా ఉన్నట్టే అని ఎన్ని కొట్లలో చెప్పానో. అలాంటివాడికి సీలు మీద అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది? పిల్ల పుట్టిన ఏడాది నువ్వు ఒక బిస్కెట్టు చూపించి, "ఒక్కసారి అరచేతిలో పెట్టుకుని చూస్తానండీ, చల్లగా ఉంటుందో వెచ్చగా ఉంటుందో" అన్నావు. ప్లాస్టిక్ మీంచి చూడమన్నాను. నువ్వు మళ్ళీ అడగలేదు. నువ్వు మళ్ళీ అడగలేదన్న సంగతి కూడా నాకు ఈ నెలలోనే గుర్తొచ్చింది.

ఇక అమ్మకం సంగతి. బంగారం కరిగించే కొట్టుకి వెళ్ళాను. కొట్టు నడిపేది ఒక ఆవిడ. ముందు కట్టుకున్న తోలుగుడ్డ నిండా నిప్పురవ్వలు పడిన చిల్లులు. నేను గ్లవుజులు వేసుకుని, నల్లగుడ్డ పరిచి, ఏడింటినీ వరసగా పెట్టాను. ఆవిడ నా గ్లవుజుల వంక చూసి, "సీలు విప్పకుండా కొననండీ" అంది.

"సీలు విప్పితే దీని మర్యాద పోతుందండీ."

"నేను కొనేది మర్యాద కాదు కదండీ, బంగారం."

కోపం వచ్చింది. అన్నీ సర్దుకుని ఇంకో రెండు కొట్లు తిరిగాను. అక్కడా అదే మాట, కాకపోతే ఇంత మెత్తగా కాదు. చివరికి మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చి, "ఒక్కటి విప్పండి" అన్నాను. విప్పి కాటా మీద పెట్టింది. బరువు సరిగ్గా సరిపోయింది. నేను ఏదో పరీక్ష పాసైనవాడిలా కాలరు సర్దుకున్నాను. అప్పుడావిడ చిల్లులు పెట్టే సన్నటి బరమా తెచ్చి ఒక మూల దింపింది. మొదట పచ్చటి పొడి కాస్త రాలింది. తర్వాత బరమా దిగలేదు. కిర్రుమని ఒకటే చప్పుడు. బంగారం మెత్తటి లోహం, అలా అరవదు. ఆ మాత్రం నాకూ తెలుసు. ఆవిడ ఊది చూపించింది. లోపల బూడిదరంగు.

"టంగ్‌స్టన్ అండీ. బల్బుల్లో తీగకి వాడతారే, అది. పైన బంగారం పూత. ఇంచుమించు బంగారమంత బరువూ ఉంటుంది, అందుకే కాటాకి దొరకదు" అంది.

నేను కాటాలు బాగుచేసేవాణ్ణని ఆవిడకి చెప్పలేదు. ఆవిడ లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చున్నాక, "మిగతావి విప్పమంటారా?" అని అడిగింది. వద్దన్నాను.

"సరే. చాలామంది వద్దనే అంటారు" అని వెళ్ళి తన పని చూసుకుంది.

అక్కణ్ణుంచి తిన్నగా భూతద్దం ఇంటికి వెళ్ళాను. తిట్టడానికే వెళ్ళాను, ఏమేం తిట్టాలో దారంతా కూడబలుక్కుని మరీ వెళ్ళాను. మా అందరికీ బిస్కెట్లు తెప్పించిపెట్టింది ఆయనే కదా. ఆయన మంచం మీద ఉన్నాడు, మనిషి సగమైపోయాడు. ఎక్కడో దూరాన ఉన్న వర్తకుడి దగ్గర పార్సిలులో తెప్పించేవాడట, ఇప్పుడు ఆ వర్తకుడు ఫోను ఎత్తడం లేదట. కొట్టులో విప్పిన బిస్కెట్టు తీసుకుని అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "అచ్చు చూడు ఎంత బాగా కొట్టాడో దొంగవెధవ" అన్నాడు. ఆ మాటలో మెచ్చుకోలు ఉంది, నాకు ఒళ్ళు మండింది. మీవి విప్పి చూశారా అని అడిగాను. "నేను విప్పను. నాకింకెన్నాళ్ళుంది? ఉన్నన్నాళ్ళు బంగారంగానే ఉండనీ" అన్నాడు. ఆయన భార్య టీ తెచ్చి ఇచ్చింది. ఆవిడకి ఏమీ తెలియదు. టీ తాగి వచ్చేశాను.

ఇంతవరకే అయితే ఉత్తరం ఇక్కడే ముగించి, మోసపోయాం, మన రాత అలా ఉంది అని ఏడ్చి ఊరుకునేవాణ్ణి. నువ్వూ నాతోపాటు ఏడ్చి, ఆ వర్తకుడి వంశాన్ని తిట్టి ఊరుకునేదానివి. కానీ తర్వాత జరిగింది వేరు. అది నేను చేసింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడనీ.

మా సభలో ఈమధ్య ఒకాయన చేరాడు. రొట్టెల బట్టీలో పని. ఎప్పుడూ తల వంచుకుని కూర్చుంటాడని భూతద్దం ఆయనకి కొత్తపెళ్ళికొడుకని పేరు పెట్టాడు. భార్యకి నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డ పేరున బంగారం దాచాలని ఆశ. ఆయనకి నల్లగుడ్డ కొనిచ్చింది నేను. అంచు ఎలా పట్టుకోవాలో నేర్పింది నేను. ప్రాణం పోయినా సీలు విప్పొద్దని చెప్పిందీ నేనే. నేను ఆ కొట్టు నుంచి వచ్చిన మర్నాడు సాయంత్రం మన ఇంటికి వచ్చాడు. నేను అమ్ముతున్నానని ఎవరి ద్వారానో విన్నాడట. పిల్లే తలుపు తీసి కూర్చోబెట్టింది.

"సార్, మీవి ఎవరికో ఎందుకు, నేనే తీసుకుంటాను. బట్టీలో చీటీ పాడాను" అన్నాడు.

"అన్నీనా?"

"ఎన్నుంటే అన్నీ. సీలు విప్పనివే కదా సార్?"

ఆరు, సీలు విప్పనివే. అదే చెప్పాను.

"నేనూ విప్పను సార్. మీరు చెప్పాక ఇంక విప్పుతానా? నా బిడ్డ పెళ్ళినాటికి కూడా ఇలాగే ఉంటాయి" అన్నాడు.

రేపు రమ్మన్నాను. రావద్దని అనలేదు చూడు, రేపు రమ్మన్నాను. పిల్ల పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఆయన వెళ్ళగానే, "ఆయన కొనుక్కుంటే అమ్మ వచ్చేస్తుందా?" అని అడిగింది. అవునన్నాను. అది నిజమే కదా. ఆయన కొనుక్కుంటే నువ్వు వచ్చేస్తావు. ఆయన విప్పడు. ఆయన బిడ్డా విప్పదు. ఎవరూ విప్పనంతకాలం అది బంగారమే. నువ్వు మన వీధి చివర నీ బల్ల దగ్గర నిలబడి గుడ్డ కోస్తుంటావు. నీ చెయ్యి నొప్పి తగ్గుతుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదని నాకు నేను ఎంత చక్కగా చెప్పుకున్నానో నువ్వు విని ఉండాల్సింది. నా కాటాలో ఇటు నువ్వు, అటు నేను ఎప్పుడూ చూడని, ఇంకా పుట్టనే పుట్టని ఒక బిడ్డ. ముల్లు నీ వైపే వాలింది. ఇది అబద్ధం కాదు. నీ వైపే వాలింది.

మర్నాడు మధ్యాహ్నం పిల్ల బడిలో ఉండగా ఆ ఆరింటినీ విప్పేశాను. బ్లేడు దొరక్క, గుడ్డ తప్ప ఇంకేదీ కోయొద్దని చెప్పి నువ్వు బీరువాలో దాచి వెళ్ళిన పెద్ద కత్తెరతో ప్లాస్టిక్ కోశాను. పదును పోయింది. దానికి ఎంత తిడతావో నాకు తెలుసు. విప్పి ఒక్కొక్కదాని మీదా ఆకురాయి పెట్టాను. అన్నీ ఒకటే.

నువ్వు ఒక్క సంగతి సరిగ్గా తెలుసుకోవాలి, అందుకే ఇంత దూరం రాశాను. ఆశ కొద్దీ విప్పానని నువ్వు అనుకుంటావు, ఒక్కటైనా అసలుదుంటుందేమోనని. కాదు. మొదటిది విప్పినరోజే నాకు తెలుసు. చూడటానికి విప్పలేదు. సాయంత్రం ఆయన వచ్చేసరికి అవి అలాగే ఉంటే అమ్మేస్తాను, నా సంగతి నాకు తెలుసు, అందుకని విప్పాను. ఎవరూ విప్పమనలేదు. ఎవరూ చూడలేదు. నిన్ను ఇంటికి తెచ్చే దారి ఒక్కటే మిగిలింది, దాన్ని నా చేత్తో నేనే కోసేశాను. మంచి పని చేశానన్న తృప్తి ఏమైనా ఉందా అంటే లేదు. ఇవాళ్టికీ లేదు. వస్తుందేమోనని చూస్తున్నాను.

సాయంత్రం ఆయన వచ్చాడు. బల్ల మీద అన్నీ పరిచే ఉంచి, లోపలున్నది బంగారం కాదని చెప్పాను. చాలాసేపు చూశాడు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు సార్."

"అందుకే చెప్పాను."

"నా దగ్గరున్నవి కూడా భూతద్దం గారు తెప్పించినవే సార్. రెండు. మీరు మంచివన్నారని తీసుకున్నాను."

ఆకురాయి అక్కడే ఉంది, ఆయన దానివైపు చూశాడు. ఇప్పుడు కాదు సార్, కాన్పు అయ్యాక విప్పుతాను అన్నాడు. గుమ్మం దాటాక మళ్ళీ వెనక్కి వచ్చి, "ఇంకెప్పుడైనా ఎవరికైనా ఇలాంటివి తెలిస్తే వెంటనే చెప్పకండి సార్, కాస్త ఆగి చెప్పండి" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఆదివారం సభకి ఆయన రాలేదు, భూతద్దం రాలేదు, నేనూ వెళ్ళలేదు.

ముసలి దర్జీ కొట్టు ఫోన్లు బాగుచేసేవాళ్ళు తీసుకున్నారు. కత్తిరింపు బల్ల గుమ్మంలో పట్టక రెండు ముక్కలు చేసి బయటికి తెచ్చారు. ఆయన నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆయన తప్పేముంది, పాపం, మనకోసం ఆగినన్నాళ్ళు ఆగాడు. పోలీసులకి చెప్పాను, కాగితం రాసుకున్నారు. ఏదో అవుతుందని నేను అనుకోవడం లేదు, నువ్వూ అనుకోకు.

అమ్మేసి ఉండాల్సింది అని నువ్వు రాస్తే నేను ఏమీ అనను. నీకు ఆ హక్కుంది, చెయ్యి నొప్పిపుట్టేది నీకు. మంచిపనే చేశారు అని మాత్రం నా మనసు కుదుటపరచడానికి రాయకు. నిజంగా అనిపిస్తేనే రాయి. అనిపించడానికి ఎన్నాళ్ళు పట్టినా సరే.

ఫ్యాక్టరీవాళ్ళ కాగితం మీద సంతకం పెట్టు.

పిల్ల కొలతలు పంపొద్దు, వచ్చి నేనే తీసుకుంటానని ఉత్తరం చివర రాశావు. నిన్న నేనే తీశాను. టేపు పట్టుకుని పిలవగానే, "అమ్మ వచ్చి తీస్తానంది కదా?" అంది. నిటారుగా నిలబడమన్నాను. నా ముఖం వంక ఒకసారి చూసి నిలబడింది. టేపు భుజం మీద ఎక్కణ్ణుంచి పట్టాలో నాకు తెలియకపోతే, అదే వేలు పెట్టి చూపించింది. అన్నీ వేరే చీటీ మీద రాసి ఇందులో పెడుతున్నాను. గౌను కాస్త వదులుగా కుట్టు. రెండేళ్ళు వేసుకోవాలి.

ఇట్లు,
నీ పిల్ల తండ్రి